బేరం కుదిరిన నిజం

ఏడాది తిరిగేసరికి దేశంలో నిజాన్ని నలభై శాతం పెంచి తీరతామని మంత్రిగారు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ప్రారంభిస్తూ ప్రకటించిన రోజున, ఒంటెల దళారి షర్మార్కె దగ్గర ఉన్న సరుకు ఇది: జరిగింది జరిగినట్టు చెప్పగల కథ ఒకటి, ఎడమ భుజం మీద తూటా రాసుకుపోయిన మచ్చ ఒకటి, నైరోబీలో ఒక ఇరుకు గదిలో ఎదురుచూస్తున్న భార్య ఉబాహ్, ఇద్దరు ఆడపిల్లలు. సోమాలియాలో సొంత ఊరి సంతలో ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పరపతి కూడా ఉండేది గానీ, ఇంగ్లండులో అది చెల్లదని అతనికింకా తెలీదు.

మంత్రిగారి బాధ న్యాయమైనదే. ఆశ్రయం కోరి వచ్చేవాళ్ళు అబద్ధాలు చెబుతున్నారనీ, అందువల్ల దేశంలో నిజం తరిగిపోతోందనీ ఆయనకి ఎవరో చెప్పారు. ఆయన ఆ పూటే చర్య తీసుకున్నారు. పథకం పేరు 'ఒప్పుకున్న నిజం'. ఇకమీదట ప్రతి అప్పీలులోనూ వలసల శాఖవారూ, ఆశ్రయం కోరినవాడూ ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒక్కటైనా ఉండాలి. లేకపోతే ఆ కోర్టుకి నెలాఖరు నివేదికలో ఎర్ర గీత పడుతుంది. ఇద్దరూ ఒప్పుకున్నాక అది నిజం కాకుండా ఎక్కడికి పోతుందని మంత్రిగారు సభని అడిగారు. బిస్కెట్లవాళ్ళు చప్పట్లు కొట్టారు.

షర్మార్కె కథ అర్థం కావాలంటే ఒంటెల సంత కొంచెం తెలియాలి. అక్కడ దళారికి రెండు మాటలుంటాయి. మొదటిది ధర. అది పెంచి చెప్పాలి. పెంచకపోతే ఒంటెకి ఏదో రోగం ఉందని కొనేవాడు అనుమానపడతాడు. రెండోది పూచీ. 'ఇది దొంగసొత్తు కాదు, దీని యజమానిని నేనెరుగుదును' అని దళారి చెప్పే మాట. అందులో బేరం లేదు. అది ఒక్కసారి బొంకాడా, మర్నాటినుంచి ఆ దళారి మేకలు కాచుకోవలసిందే. షర్మార్కె ఇరవై ఏళ్ళలో సరైన ధర మొదటిసారే చెప్పి ఎరగడు. పూచీ తప్పి ఎరగడు.

తుపాకులతో ఊళ్ళని ఏలే అడవిదండువాళ్ళు ఎక్కడెక్కడివో ఒంటెల్ని తోలుకొచ్చి పూచీ పడమన్నారు. పడనన్నాడు. ఆ వారంలోనే, వానలు వెలిసిన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఏడుగురు తుపాకులతో ఇంటికొచ్చారు. గడపలోకి వచ్చినవాడికి టీ ఇవ్వడం ఆచారం గనక ఉబాహ్ టీ పోసింది. వాళ్ళు తాగారు. తాగి మళ్ళీ అడిగారు. మళ్ళీ పడనన్నాడు. ఉబాహ్ తమ్ముడు బుల్హాన్ అడ్డం వస్తే అతన్ని కాల్చి చంపారు. రెండో తూటా షర్మార్కె భుజం మీదుగా పోయింది. కథ మొత్తం ఇంతే. ఇందులో తాలు లేదు.

ఇంగ్లండులో క్రాన్‌బెక్ అనే ఊళ్ళో శాఖవారి ఆఫీసులో మొదటి ఇంటర్వ్యూ జరిగింది. బల్లకి అవతల ఒక చిన్నపిల్ల ఆఫీసరు, ముందు కంప్యూటరు. ఇవతల షర్మార్కె, పక్కన దుబాసీ హిబాక్. ఊరు మొత్తానికి సోమాలీ తెలిసిన దుబాసీ హిబాక్ ఒక్కతే కాబట్టి శాఖకీ, లాయరుకీ, కోర్టుకీ కూడా ఆవిడే. అంటే షర్మార్కె ఎక్కడ ఏం చెప్పాడో మొత్తం తెలిసిన మనిషి ఆవిడే. అందువల్ల నిబంధనల ప్రకారం ఆవిడ సొంతంగా ఏమీ చెప్పకూడదు.

"ఎంతమంది వచ్చారు?" అంది ఆఫీసరు.

ఎంతకిస్తావు అన్నట్టే వినబడింది షర్మార్కెకి. "ఇరవైమంది," అన్నాడు.

ఇక ఆ పిల్ల పకపక నవ్వుతుందనీ, లేచి తలుపుదాకా వెళ్ళి వెనక్కొస్తుందనీ, 'ముగ్గురంటే ముగ్గురు' అంటుందనీ, కాసేపటికి ఇద్దరూ ఏడు దగ్గర తేలతారనీ అతను ఎదురుచూశాడు. ఆ పిల్ల ఇరవై అని కొట్టి, థాంక్యూ చెప్పి, తర్వాతి ప్రశ్నకి పోయింది.

బయటికొచ్చాక షర్మార్కె మనసు మనసులో లేదు. "ఈ పిల్లని సంతకి పంపితే కాళ్ళకి చెప్పులు కూడా మిగలవు తల్లీ. నోరెత్తకుండా ఇరవైకి కొనేసింది."

"నేను దుబాసీని బాబాయ్. ఏమీ అనకూడదు," అంది హిబాక్. "అదుగో, మీ బస్సు."

అమాయకుల దగ్గర ఎక్కువ లాగితే ఆ సొమ్ము అచ్చిరాదని, అందులో బర్కత్ ఉండదని సంతలో పెద్దలంటారు. రెండో ఇంటర్వ్యూలో వేరే ఆఫీసరు అదే ప్రశ్న వేసినప్పుడు షర్మార్కె ధర్మానికి కట్టుబడి తనే దిగాడు. దళారి అడక్కుండా దిగడమంటే ఒంటె అదిలించకుండా మోకాళ్ళు వంచడమే. పదిహేనుమంది అన్నాడు. ఇక మిగతాది ఆయన తగ్గించాలి. ఆయనా తగ్గించలేదు. పదిహేను అని రాసి, మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

మూడోసారి చెప్పింది లాయరు ఫియోనాకి. ప్రభుత్వం విదిలించే ఫీజుకి వందమంది గోడు మోస్తూ, మధ్యాహ్నం కారులోనే శాండ్‌విచ్ తినే మనిషి ఆవిడ. మన తరఫు మనిషితో బేరమేమిటని షర్మార్కె ఆవిడకి అసలు ధరే చెప్పాడు. ఏడుగురు.

ఆవిడ దాన్ని వాంగ్మూలంగా రాసి పంపాక శాఖవారి తిరస్కార పత్రం వచ్చింది. ఎంతో మర్యాదైన ఇంగ్లీషు. ఇరవై, పదిహేను, ఏడు అని మీ శత్రువులు క్రమంగా తరుగుతున్నారు, ఈ లెక్కన అప్పీలు నాటికి ఎవరూ వచ్చి ఉండరు అని అందులో ఉంది. చంపడానికి వచ్చినవాళ్ళు టీ తాగరు అని ఉంది. వానలు వెలిసిన కొత్తలో అన్నారు గానీ ఆ వారం మీ జిల్లాలో వాన పడినట్టు వాతావరణ వెబ్‌సైటులో లేదు అని ఉంది. ఒంటెల దళారినంటున్న మీరు ఒంటె బరువెంత అని అడిగితే 'ఎవరి ఒంటె?' అని ఎదురు ప్రశ్న వేశారు, కనక మీకు ఒంటెలు తెలుసని నమ్మలేము అని ఉంది. చివర ఇట్లు మీ విధేయులు అని సంతకం.

ఫియోనా పత్రం బల్లమీద పెట్టి, ఇరవై అని ఎందుకన్నావని అడిగింది. అతను సంత సంగతి చెప్పాడు. ధర వేరు, పూచీ వేరు అన్నాడు. పైకి అరిచే ధర ఊరికే అరుపని, అసలు బేరం గుడ్డకింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి తేల్చుకుంటామని తువ్వాలు పరిచి చూపించాడు. ఫియోనా ముఖం వెలిగింది. ఇది కోర్టులో చెబితే గెలిచినట్టే, కాకపోతే నువ్వు చెబితే చెల్లదు, ప్రొఫెసర్ చెప్పాలి అంది.

ప్రొఫెసర్ దొరికాడు. సోమాలీ సంతల మీద పదేళ్ళు పరిశోధన చేసిన పెద్దమనిషి. ఈ దళారులు మొదటి అంకె ఎప్పుడూ పెంచే చెబుతారని నలభై పేజీల్లో పట్టికలతో సహా నిరూపించాడు. శాఖ తరఫున వాదించే ఆఫీసరు నైజెల్ టట్ అది చదివి ఎంతో సంతోషించాడు. అప్పీలుదారు అబద్ధం చెబుతున్నాడని ఇన్నాళ్ళూ మేం అనుమానించాం, ఇప్పుడు అది శాస్త్రీయంగా రుజువైంది, ప్రొఫెసర్‌గారికి కృతజ్ఞతలు అని జవాబు దాఖలు చేశాడు. ఉబాహ్ చేత సాక్ష్యం చెప్పిద్దామని ఫియోనా ప్రయత్నించింది. భార్య అదే అంకె చెబితే నేర్పినట్టు, వేరే అంకె చెబితే అబద్ధమాడినట్టు అని టట్ ముందే రాసి పంపాడు.

అప్పీళ్ళ కోర్టు క్రాన్‌బెక్‌లో మూతపడ్డ తివాచీల షాపు పైన, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. అప్పీలుదార్లందరూ రొప్పుకుంటూ వస్తారు. ఆ రొప్పుని జడ్జి హాల్‌వార్డ్‌గారు తడబాటు కింద రాసుకుంటారు.

హాల్‌వార్డ్‌గారిని తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్కడంటే ఒక్కడు మోసం చేయలేకపోయాడు. ఎవర్నీ నమ్మకపోవడం వల్ల ఆయనకిది సాధ్యపడింది. ఏడ్చినవాణ్ణి నటుడన్నారు. ఏడవనివాణ్ణి, నిజంగా జరిగితే ఏడ్చేవాడే అన్నారు. కళ్ళు కొంచెం చెమర్చి ఆగిపోయినవాడు ఒకడొస్తే, వీడు రెండు రకాలుగానూ అనుమానాస్పదుడే అన్నారు. ఇంతటి మనిషి కోర్టుకి 'ఒప్పుకున్న నిజం' పథకం వచ్చాక వరసగా ఎర్ర గీతలే. ఆ వారమే ఆయనకి పైనుంచి ఒక నెమ్మదైన ఫోను వచ్చింది.

విచారణ టట్ మొదలుపెట్టాడు.

"ఇరవైమంది అన్నారు. ఎందుకన్నారు?"

"మీరు తగ్గిస్తారని," అన్నాడు షర్మార్కె.

"మేమెందుకు తగ్గిస్తాం?"

"కొనేది మీరు కదా."

టట్ జడ్జిగారివైపు తిరిగాడు. "అప్పీలుదారు శాఖని కొనుగోలుదారు అంటున్నాడు. శాఖ ఏదీ కొనదు సర్. వింటుందంతే."

హాల్‌వార్డ్‌గారు ప్రొఫెసర్ నివేదికలో పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పారు. చాలాసేపు ఒక బొమ్మ దగ్గర ఆగారు. "వీళ్ళలో అసలు అంకె గుడ్డకింద తేలుతుందనీ, పైకి చెప్పేదంతా వట్టి అరుపేననీ ఇక్కడుంది. అయితే ఈయన అసలు అంకె ఇంతవరకూ చెప్పనే లేదన్నమాట."

"చెప్పారు సర్. ఏడు," అంది ఫియోనా.

"అది పైకి చెప్పింది కదమ్మా."

ఫియోనా ఆ పేజీ వెతికేలోగా జడ్జిగారు టట్‌ని అడిగారు: "ఇవాళ ఒప్పుకున్న నిజం ఏమైనా తేలుతుందా మీ ఇద్దరి మధ్యా?"

"ఈయన పేరు మీద ఒప్పుకోగలం సర్. కాకపోతే మొన్న వేరే కేసులో అలాగే చేస్తే, ఒట్టి పేరు లెక్కలోకి రాదన్నారు."

"గుడ్డ ఏమైనా ఉందా?"

బయట వాన. టట్ కుర్చీకి తగిలించిన రెయిన్‌కోటు ఇంకా తడిగానే ఉంది. కోర్టువారి ఆదేశం మేరకు దాన్ని బల్ల మీద పరిచారు. శాఖవారి చెయ్యి ఒక పక్కనుంచి, అప్పీలుదారు చెయ్యి ఇంకో పక్కనుంచి దానికిందకి పోయాయి. ఫియోనా లేచి నిలబడి, వచ్చింది ఏడుగురు, ఈ పద్ధతికి నా అభ్యంతరం రాసుకోండి అంది. గుడ్డకింద చేతులున్నప్పుడు మూడోవాళ్ళు మాట్లాడకూడదని నివేదికలోనే ఉందని జడ్జిగారు గుర్తుచేశారు. కోర్టు రికార్డింగు యంత్రం ఆ కాసేపూ కోటు మీంచి కారిన నీళ్ళ చప్పుడు మాత్రం రికార్డు చేసింది.

టట్ మూడు వేళ్ళు పట్టుకున్నాడు.

షర్మార్కె ప్రాణం లేచొచ్చింది. ఈ దేశం వచ్చి ఇంతకాలమైంది. ఉన్నదాన్ని తగ్గించి అడిగిన మొదటి మనిషి ఇతను. మర్యాద తెలిసినవాడు. మూడుకి ముఖం చిట్లించాడు షర్మార్కె. అయిదు వేళ్ళూ నొక్కి, వదిలి, ఇంకో రెండు నొక్కాడు. టట్ తల అడ్డంగా ఊపి నాలుగు వేళ్ళు పట్టాడు. షర్మార్కె చెయ్యి లాక్కుని లేవబోయినట్టు లేచి మళ్ళీ కూర్చున్నాడు. టట్ అయిదుకి వచ్చాడు. షర్మార్కె ఆరుకి దిగాడు. ఆరు దగ్గరికి వచ్చేసరికి టట్ చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా కదల్లేదు. యజమాని ఇంతకు మించొద్దని చెప్పి పంపిన జీతగాడి చెయ్యి అలాగే ఉంటుంది. అలాంటివాణ్ణి పిండడం పాపం. పైగా వీళ్ళు కొని తీరాలి, తను అమ్మి తీరాలి. ఈ సంత దాటితే ఇంకో సంత లేదు. షర్మార్కె అయిదు వేళ్ళూ పట్టి ఒక్క ఊపు ఊపాడు.

"అయిదుగురు సర్," అన్నాడు టట్ చెయ్యి తుడుచుకుంటూ. "ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి."

హాల్‌వార్డ్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన కోర్టులో నిజం బయటపడింది. వెంటనే దాన్ని టైపు చేయించి, షర్మార్కె ముందుకి జరిపారు. 'అయిదుగురు వచ్చిరి. ఇది నిజమని ప్రమాణపూర్వకముగా చెప్పుచున్నాను.'

హిబాక్ చదివి వినిపించింది. షర్మార్కె పెన్ను తీసుకోలేదు.

"ఏమిటి తల్లీ ఇది? అయిదంటే బేరానికి సరేనన్నాను. ఇది పూచీ కదా."

"ఏమంటున్నాడు?" అన్నారు జడ్జిగారు.

హిబాక్ అన్నది అన్నట్టు చెప్పింది.

"ఆయనిష్టం," అన్నారు హాల్‌వార్డ్‌గారు చాలా సౌమ్యంగా. "సంతకం పెట్టకపోతే అయిదు పోతుంది. ఇరవై, పదిహేను, ఏడు మిగులుతాయి. ఆ మూడూ నేను నమ్మను. నమ్మకపోతే ఈయన వెనక్కి వెళ్ళాలి."

షర్మార్కె కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. తుపాకులవాళ్ళు అడిగిందీ ఇలాంటిదే. వాళ్ళు కనీసం టీ అయినా తాగారు. ఆ రోజు కాదనడానికి బుల్హాన్ పక్కనున్నాడు. ఇవాళ చిన్నకూతురు ఫోనులో అతని గొంతు వింటే, ఎవరమ్మా అని తల్లిని అడుగుతోంది. కాగితం నెగ్గితే ముగ్గురికీ వీసాలొస్తాయి.

ఫియోనా వంగి, ఇష్టం లేకపోతే పెట్టొద్దు, పైకోర్టుకి పోదాం, రెండేళ్ళు పడుతుంది అని గొణిగింది. రెండేళ్ళంటే ఆ పిల్ల ఎవరమ్మా అని అడగడం కూడా మానేస్తుంది. అతను సంతకం పెట్టాడు. పెన్ను జడ్జిగారే ఇచ్చారు.

మెట్లమీదనుంచే ఉబాహ్‌కి ఫోను చేశాడు. పని అయినట్టేనని, ఇక్కడివాళ్ళకీ బేరం తెలుసని, మొదట్లో తెలీనట్టు నటించారంతేనని హుషారుగా చెప్పాడు. ఎంతకి తేలిందని ఆవిడ అడిగింది.

"అయిదుకి."

"అయిదేమిటి? ఏడుగురు కదా."

"రెండు వదిలాను. వదలందే బేరం తెగలేదు."

అవతల బజారు రొద మధ్య ఉబాహ్ గొంతు పెరిగింది.

"ఏమయ్యా, ఆ రోజు టీ పోసింది నేను. గ్లాసులు కడిగింది నేను. ఏడు గ్లాసులు. అందులో ఏ రెండు తియ్యమంటావు? మా తమ్ముణ్ణి రెక్క విరిచి పట్టుకున్నవాడిదా? కాల్చినవాడిదా?"

"ఎవరిదని కాదు. ఊరికే లెక్కకి."

"లెక్కకే. ఏ రెండు?"

సిగ్నలు సరిగ్గా లేదని చెప్పి అతను ఫోను పెట్టేశాడు. సిగ్నలు బాగానే ఉంది.

తీర్పు వచ్చింది. ఫియోనా ఆఫీసులో హిబాక్ చదివి చెప్పింది. అప్పీలుదారు సూటిగా, స్థిరంగా, ఎంతో నిజాయితీగా సాక్ష్యమిచ్చాడని హాల్‌వార్డ్‌గారు మొదటి పేజీలోనే రాశారు. టీ తాగారన్నదీ నమ్మాము. వాన పడిందన్నదీ నమ్మాము. బుల్హాన్ మరణం నమ్మాము, విచారిస్తున్నాము. తుపాకులతో అయిదుగురు వచ్చారన్నది సంపూర్ణంగా నమ్మాము. శాఖవారి మార్గదర్శకాల ప్రకారం ఆరుగురు, అంతకు మించి వస్తే అది దండు, దండు చేసేది హింస, హింసకి ఆశ్రయం ఉంటుంది. అయిదుగురు, అంతకు లోపు వస్తే అది ముఠా, ముఠా చేసేది నేరం, నేరం జరిగితే పోలీసులకి ఫిర్యాదు చేయాలి. ఆ ఊళ్ళో పోలీసు స్టేషను భవనం ఉన్నట్టు ప్రొఫెసర్‌గారి నివేదికలో ఫోటో ఉంది. అందులో ఇప్పుడు ఎవరు ఉంటున్నారన్నది ఈ కోర్టు ముందున్న ప్రశ్న కాదు. అప్పీలు కొట్టివేయడమైనది.

షర్మార్కె కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు, ఒంటె పళ్ళు చూసినట్టు.

"పైకోర్టు అన్నారు కదమ్మా," అన్నాడు.

"నమ్మలేదంటే పోవచ్చు," అంది ఫియోనా. "ప్రతి మాటా నమ్మారు. దేనిమీద పోతాం? మీ సంతకం కూడా ఉంది."

"ఆరు దగ్గర గట్టిగా నిలబడి ఉంటే?"

"టట్ ఒప్పుకునేవాడు కాదు."

"ఏడు అనే కూర్చుని ఉంటే?"

ఫియోనా ఫైలు మూసింది. దుబాసీ సొంతంగా ఏమీ అనకూడదు గనక హిబాక్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ శుక్రవారం టట్ స్వయంగా షర్మార్కె ఉంటున్న హాస్టలుకి వచ్చి అతనితో కరచాలనం చేశాడు. హాల్‌వార్డ్‌గారు ఇన్నేళ్ళలో నమ్మిన మొదటి మనిషివి నువ్వేనని, ఆ నెల క్రాన్‌బెక్‌కి ఎర్ర గీత పడలేదని, మంత్రిగారు కూడా నీ కేసు గురించి అడిగారని చెప్పాడు. పోతూ పోతూ ఒక కవరు ఇచ్చాడు.

అతను వెళ్ళాక షర్మార్కె మంచం అంచున కూర్చుని మొత్తం లెక్క చూసుకున్నాడు. నమ్మినవాళ్ళు: జడ్జిగారు, శాఖవారు, మంత్రిగారు. లాభం: సత్యవంతుడని ప్రభుత్వ ముద్ర వేసిన తీర్పు ఒకటి, మొగదిషుకి ఒకవైపు టికెట్టు ఒకటి, కిటికీ పక్క సీటు, ఖర్చు శాఖవారిదే. ఇవ్వవలసింది ఒక్కటే మిగిలింది. ఆ రెండు గ్లాసులూ ఎవరివో ఉబాహ్‌కి చెప్పాలి.